ఇసుకనేల చెట్లు: పుట్టినవి, వచ్చినవి

పలాస అన్న పేరు వినగానే ఈనాడు ఎవరికైనను జీడిపప్పు స్ఫురిస్తుంది. పలాస, కాశీబుగ్గ జంట పట్టణాలలో జీడిగింజలను కాల్చి, కొట్టి, పప్పు వేరుచేసే కర్మాగారాలు వందల సంఖ్యలో ఉన్నవి. కాని సంస్కృతము కొంచెము చదువుకొన్నవారికి ఆ పేరులో వేరొక చెట్టు వినిపిస్తుంది. పలాశమనగా మోదుగ. ఆకంతా రాల్చి, ఫాల్గుణమాసములో నిప్పుకణికల వంటి పూలతో నిలిచే మోదుగ మన అడవులలో పుట్టిన చెట్టు. జీడిమామిడి బ్రెజిలు దేశపు సముద్రతీరము నుండి వచ్చినది. ఊరి పేరు ఎట్లు ఏర్పడినదో నిర్ణయించుట మా పని కాదు. చెవికి వినిపించిన మాట చెప్పినాము. పేరు చూడబోతే ఒక చెట్టుది, అన్నము చూడబోతే మరియొక చెట్టుది.

ఈ సంగతి కేవలము మాటల వేడుకగా మిగలక, బ్రతుకుదెరువు ప్రశ్నగా మారిన రోజు ఒకటి ఉన్నది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపములో తీరము దాటినది. గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచినది. విసురు వచ్చినప్పుడు 165 కిలోమీటర్లకు చేరినది. శ్రీకాకుళము జిల్లా ఉత్తరభాగములో లక్షల కొబ్బరిచెట్లు, జీడితోటలు, పెరటి పనసలు ఆ పూటలో నేలకూలినవి. వరి పోతే మరుసటి యేడు మరల విత్తుకొనవచ్చును. నాటు కొబ్బరి పోతే కాపు కంటబడుటకు ఆరు నుండి ఎనిమిదేండ్లు పడుతుంది; నిండు కాపుకు ఇంకను కొన్ని యేండ్లు ఆగవలెను. కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుగా చెప్పుకొనే కుటుంబాలకు అది ఎటువంటి దెబ్బయో వేరుగా వివరింప నక్కరలేదు.

కూలిన చెట్టు మొదలు త్రవ్వి తీసిన గోతిలో మరల ఏమి నాటవలెను? మన దేశపు చెట్లే గాలికి నిలుస్తవి, పరదేశపు చెట్లు వద్దు అని కొందరంటారు. త్వరగా ఎదిగి నాలుగు డబ్బులు చేతికిచ్చేది ఏదైనను సరే అని కొందరంటారు. ఈ రెండు మాటలలో ఏది నమ్మవలెనన్నను ముందుగా ఏది మన చెట్టు, ఏది వచ్చిన చెట్టు అన్నది తెలియవలెను. చూడబోతే అది పైకి కనిపించినంత సులభముగా తేలే లెక్క కాదు.

మేము చెప్పబోయే నేల పేరు ఉద్దానము. ఉద్యానమన్న మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుకొంటారు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో సముద్రము వెంబడి సాగిన ఈ పచ్చని పట్టీని రైలుబండి కిటికీలోనుండి చూచినవారు కోనసీమను తలచుకొంటారు. పోలిక రూపములోనే కాని నేలలో లేదు. కోనసీమది గోదావరి మేట వేసిన ఒండ్రు; ఉద్దానములో తీరము పొడవునా ఇసుక. ఏడాదికి ఈ జిల్లాలో 1,100 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వాన కురుస్తుంది. తక్కువ వాన కాదు. కాని ఆ వానలో ఎక్కువ భాగము నాలుగు నెలలలోనే కురిసి, జల్లెడలో పోసిన నీటివలె ఇసుకలోనికి దిగిపోతుంది. మాఘము నుండి జ్యేష్ఠము దాక పైనేల బొగ్గులపొయ్యి వలె ఉంటుంది. దానికి తోడు సముద్రముమీది ఉప్పుగాలి. తూర్పున సముద్రము, పడమట 1,501 మీటర్ల మహేంద్రగిరి తలయెత్తిన కొండలవరుస, నడుమ బాహుదా, మహేంద్రతనయ వంటి చిన్న నదులు. మనుష్యులకు ఇది జిల్లాలో ఒక భాగము మాత్రమే. మొక్కలకు మాత్రము ఇది ఎండిన దీవి. కొండమీది చెట్టు దిగివచ్చి ఇక్కడ బ్రతుకలేదు. ఇక్కడ బ్రతుకుటకు వేరు నేర్పు కావలెను.

(ఉద్దానమనగానే శ్రోతలలో అనేకులకు మూత్రపిండాల వ్యాధి జ్ఞాపకము వస్తుంది. దానిని గురించి వైద్యులు మాటాడవలెను. ఈ వ్యాసము చెట్ల వరకే.)

ఆ నేర్పు ముందుగా ఉన్నవి చెట్లు కావు, తీగెలు, గడ్డి. అలలు తడిపే హద్దుకు కొంచెము పైన, ఒట్టి ఇసుకమీద ఊదారంగు పూలు పూచే తీగ ఒకటి బారలకొలది ప్రాకుతుంది. దాని ఆకు మేక గిట్టవలె రెండుగా చీలి ఉంటుంది. బాలబంద తీగ అంటారు. కణుపు కణుపునకు వేరు దించి ఇసుకను కుట్టివేస్తుంది. దాని ప్రక్కనే ముళ్ళబంతుల వంటి కంకులుగల బిరుసు గడ్డి. ఎండిన కంకి గాలికి ఊడి తీరము వెంట బంతివలె దొర్లిపోతూ గింజలు చల్లుతుంది. పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు. దానికి మనవారు రావణాసురుని మీసాలని పేరు పెట్టినారు. పేరు పెట్టిన వారెవరో కాని రసజ్ఞులు. ఈ రెండును ఇసుకను నిలబెడితేనే తిన్నె ఏర్పడుతుంది. తిన్నె ఏర్పడితేనే దాని వెనుక చెట్టు నిలుస్తుంది. వీటికి విలువ కట్టినవారు లేరు. ఇల్లు కట్టవలెనన్నను, తోట వేయవలెనన్నను మొదట పీకివేసేది వీటినే.

తిన్నె వెనుక మొగలి. ఊడల వంటి వేళ్ళను నలుదిక్కుల ఆనించి, రంపపు పళ్ళ ఆకులతో కోటగోడ కట్టినట్లు నిలిచే మొగలిపొదలు మన తీరములోనే పుట్టినవి. వాసనగల పూవు మగచెట్టుకే పూస్తుంది. ఆడచెట్టు అనాసపండును పోలిన కాయ కాస్తుంది. సరిహద్దుకు ఆవలి గంజాము జిల్లాలో మొగలిపూవు నుండి అత్తరు తీయుట పేరుపొందిన పరిశ్రమ. 1936కు పూర్వము ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి ప్రాంతాలు కూడ గంజాము జిల్లాలోనివే. ఎల్లలు మారినవి గాని మొగలికి ఆ సంగతి తెలియదు. ఇటును అటును ఒకే తీరుగా పూస్తుంది. పొలముగట్లకు, తోటలకు కంచెగా దీనిని పెంచే అలవాటు ఇటువైపు కూడ ఉన్నది.

మొగలికి తోడుగా ఈ తీరమున సహజముగా పుట్టిన చెట్లు పొన్న, కానుగ, గంగరావి. పొన్నకాయ సముద్రపునీటిలో తేలి దూరతీరాలకు పోయి మొలకెత్తుతుంది. ఆ గింజల నూనె వెనుకటి రోజులలో దీపాలకును, పడవల సందులు పూడ్చుటకును వాడినారు. కానుగనూనె సంగతి అందరెరిగినదే. ఇంకను లోపలికి పోతే వేప, రేగు, వెలగ, మారేడు.

వీటన్నింటిలోను ఈ నేలకు రాజు తాటిచెట్టు. ఎండకు వాడదు, ఉప్పుకు బెదరదు, గాలికి తలవంచదు. ఆకులు విసనకర్రవలె గట్టిగా ముడుచుకొని ఉంటవి. మ్రాను బయటి పొర ఇనుపకడ్డీవలె గట్టిది. సన్నని వేళ్ళు వేలకొలది నేలలోనికి దిగి ఉంటవి. ఉత్తరాంధ్ర తీరములో చుట్టిళ్ళు కట్టినవారు గుండ్రని గోడకు శంఖాకారపు తాటాకు కప్పు దాదాపు నేలదాక దించినారు. గాలికి తట్టుకొనుటకు మూలలు లేని ఇల్లు అది. వాసము తాటిది, కప్పు తాటిది, కట్టిన నార తాటిది. వేసవిలో ముంజలు, భాద్రపదములో పండు, శీతకాలములో తేగలు. ఇంత ఇచ్చిన చెట్టును ఎవరైనను తలకెక్కించుకొంటారు గదా! జరిగినది వేరు. పెంకులు, సిమెంటు రేకులు వచ్చినవి. తాటాకు అక్కరలేక పోయినది. కాపుకు పన్నెండు మొదలు ఇరువదేండ్లు పట్టే చెట్టు కొరకు కాచుకొనే ఓపిక తగ్గినది. తాటిదుంగలు ఇటుకబట్టీలకు పోయినవి. విజయనగరము జిల్లాలో తాటిపూడి అన్న పేరు నిలిచినంత స్థిరముగా తాళ్ళు నిలువలేదు.

ఇక వచ్చినవారి సంగతి. తెలుగువారు పరదేశపు చెట్టును గుర్తుపట్టుటకు మంచి ఉపాయము చేసినారు. పాత చెట్టు పేరుకు ముందు "సీమ" అన్న మాట తగిలించినారు. సీమచింత, సీమతుమ్మ అటువంటివే. సీమచింత మెక్సికో, మధ్య అమెరికాల చెట్టు. స్పెయినువారు ఫిలిప్పీను దీవులకు తెచ్చినారు. అక్కడి నుండి మనకు వచ్చినది. సామర్లకోటలో వైద్యుడుగా ఉండి మొక్కలను శోధించిన విలియం రాక్స్‌బరో 1795లో ప్రారంభమైన తన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథములో ఈ చెట్టును చేర్చి, దాని కాయ తీపిని బట్టి శాస్త్రనామము పెట్టినాడు. అమెరికా చెట్టుకు ఆంధ్రతీరములో నామకరణము జరిగినదన్నమాట.

కాని "సీమ" తగిలించని చెట్లన్నియు మనవే అనుకొంటే పొరబడతాము. సీమచింతకు మూలమైన అసలు చింతను చూడండి. దాని పుట్టుక ఆఫ్రికా ఖండములో. అరబ్బులు దాని పండును హిందూదేశపు ఖర్జూరమన్నారు. ఆ మాటయే ఐరోపా భాషలలోనికి పోయినది. శాస్త్రజ్ఞులు ఇండికా అని బిరుదిచ్చినారు. అది మన దేశములో క్రీస్తుపూర్వము నుండి ఉన్నది. చింతపల్లి పేరుగల ఊళ్ళు తెలుగుదేశమంతట ఉన్నవి. చింత చచ్చినా పులుపు చావదన్న సామెత ఎరుగని ఇల్లు లేదు. దానిని పరదేశి అన్నవారిని మన పెద్దలు వింతగా చూస్తారు. టెక్కలికి సమీపమున తేలినీలాపురములో ఏటేట వచ్చి గూళ్ళు కట్టే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు అనే పెద్దకొంగలు కూడ చింతచెట్లను మెచ్చుకొన్నవి. చెట్టు పుట్టినిల్లు ఎక్కడిదని పిట్ట అడుగదు. కొమ్మ గట్టిదా కాదా అన్నదే దానికి కావలెను.

ఉద్దానపు పనస ఇంకొక చిక్కు తెస్తుంది. పనస మన దేశపు చెట్టే. కాని దాని సొంత ఊరు పడమటి కనుమల తడి అడవులు. ఇసుకనేలకు అదికూడ అతిథియే. కొబ్బరి కథ మరింత పొడవైనది. దాని కాయ సముద్రముమీద తేలగలదు. 2011లో వెలువడిన జన్యుపరిశోధనను బట్టి మానవుడు కొబ్బరిని రెండు చోట్ల వేరువేరుగా మచ్చిక చేసినాడు: ఒకటి పసిఫిక్ దీవుల వైపు, రెండవది దక్షిణ భారతము, సింహళము, మాల్దీవుల వైపు. కనుక కొబ్బరిని మన సముద్రపు బిడ్డ అనవచ్చును. అయినను ఉద్దానములో వరుసలు తీర్చి నిలిచిన తోట మనిషి నాటి, నీరుపోసి పెంచినది. ఇసుకకు కొన్ని బారల లోతున నిలిచిన మంచినీటి పొరయే ఆ తోటకు ప్రాణము.

జీడిమామిడి మాత్రము నిస్సందేహముగా పరదేశి. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారు బ్రెజిలు నుండి పడమటి తీరానికి తెచ్చినారు. మనవారు దానికి పేరు పెట్టిన తీరు గమనింపదగినది. మన అడవులలో నల్లజీడి అని ఒక చెట్టు ఉన్నది. దాని గింజలోని నల్లని రసము ఒంటికి తగిలితే పుండుచేస్తుంది. చాకలివారు బట్టలమీద చెరగని గుర్తు పెట్టుటకు దానినే వాడినారు. క్రొత్తచెట్టు గింజ పెంకులో కూడ అటువంటి మంట పుట్టించే నూనె ఉన్నది; పండు మామిడిని తలపించినది. వెంటనే జీడిమామిడి అన్నారు. కొన్ని చోట్ల ముంతమామిడి అన్నారు. విచిత్రమేమనగా నల్లజీడి, జీడిమామిడి, మామిడి మూడును ఒకే కుటుంబమువని వృక్షశాస్త్రము చెపుతున్నది. శాస్త్రము చదువని పల్లెప్రజలు కన్నుతోను, చేతి మంటతోను ఆ చుట్టరికాన్ని కనిపెట్టినారు.

ఇసుకలోను, ఎర్రమట్టి దిబ్బలమీదను, ఏమియు పండని చోట జీడి పండినది. కవిటి మొదలు విజయనగరము జిల్లా పూసపాటిరేగ, భోగాపురముల దాకను తీరము వెంట అది వ్యాపించినది. సీతంపేట వైపు కొండవాలులమీద సవరల పోడుభూములలో కూడ దానిని నాటినారు. మూడు నాలుగేండ్లకు కాపు పడుతుంది. మార్చి నుండి మే వరకు, వేరు పని దొరకని ఎండకాలములో, గింజ చేతికి వస్తుంది. కర్మాగారాలలో పెంకు కొట్టి పప్పు ఒలిచే స్త్రీల వ్రేళ్ళకు ఆ నూనె తగిలి చర్మము కాలుతుంది. పప్పు తెల్లగా మెరియుటకు వెనుక ఆ నల్లబడిన వ్రేళ్ళున్నవి. ఇది ఏ లెక్కలలోను ఎక్కదు. ఇంత చెప్పినను జీడిని తప్పుపట్టలేము. అది వచ్చి మరియొక చెట్టును గెంటలేదు. బీడు పడిన చోట నిలిచి కూడు పెట్టినది.

సరుగుడు సంగతి అంత సూటిగా లేదు. సర్వి అని కూడ అంటారు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల తీరాలు దాని జన్మస్థానము. 1868 ప్రాంతములో పడమటి తీరపు కార్వారు వద్ద వంటచెరకు కొరకు నాటినారు. తరువాత తూర్పుతీరమంతట వ్యాపించినది. మనము ఆకులనుకొనేవి నిజానికి ఆకులు కావు, సన్నని పచ్చని కొమ్మలు. ఒక పుల్లను తీసి లాగితే కణుపు కణుపు విడిపోతుంది. ఆ కణుపు చుట్టు పళ్ళవలె కనిపించే చిన్న పొలుసులే అసలు ఆకులు. నీరు ఆవిరి కాకుండ అది చేసుకొన్న ఏర్పాటు. వేరు బుడిపెలలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి నివసించి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. అందుచేత సారములేని ఇసుకలో ఏడాదికి నిలువెత్తు పెరుగగలదు. నాలుగైదేండ్లలో కొట్టి అమ్మవచ్చును. ఇళ్ళకు సారువకర్రలు, పందిళ్ళకు గుంజలు, కాగితపు మిల్లులకు గుజ్జు, రాలిన పుల్లలు పొయ్యిలోకి. తీరపు గ్రామాల స్త్రీలు ఉదయమే గంపలతో పోయి ఆ ఎండుపుల్లలు ఊడ్చి తెచ్చుకొనుట మేము చూచినాము.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత తీరమున గాలికి అడ్డుగా వనములు పెంచవలెనన్న ఆలోచన బలపడినది. త్వరగా ఎదిగే చెట్టు కావలెను, ఇసుకలో బ్రతుకవలెను. సరుగుడు కంటె తగినది కనిపించలేదు. ఆంధ్రతీరము వెంట మైళ్ళకొలది సరుగుడు వనములు లేచినవి. ఎగిరే ఇసుకను ఆపినవి. వెనుకనున్న పొలాలను కాచినవి. ఈ మేలును మరచుట న్యాయము కాదు.

అయితే సరుగుడు క్రింద నిలబడి నేలవైపు చూడండి. మెత్తని గోధుమరంగు చాప పరచినట్లు పుల్లలు. వాటి నడుమ వేరొక మొక్క అరుదు. బాలబంద తీగ, రావణాసురుని మీసాలు ఆ నీడలో బ్రతుకలేవు. వాటికి ఎండ కావలెను. సరుగుడును సముద్రపు హద్దు దాక నాటిన చోట తిన్నెను కట్టిన మొదటి మొక్కలే పోతవి. మన తీరానికి జనవరి మొదలు ఏప్రిలు దాక గ్రుడ్లు పెట్టుటకు వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకు ఇది ఇంకొక రీతి కష్టము. బారువ మొదలైన తీరాలకు అవి వస్తవి. ఇసుకలో వేళ్ళు అల్లుకొంటే గొయ్యి త్రవ్వలేవు. పైగా గ్రుడ్డులోని పిల్ల ఆడదో మగదో ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. చెట్టు నీడ పడిన ఇసుక చల్లబడుతుంది. ఒక చెట్టును పది గజాలు ముందుకు నాటుట, వెనుకకు నాటుట ఇంత దూరము పోతుందని నాటిననాడు ఎవరూహించగలరు?

అట్లాంటికు సముద్రములోని రెండు చిన్న దీవుల కథ ఇక్కడ చెప్పవలసి ఉన్నది. బెర్ముడా దీవిలో దేవదారు అని పిలిచే చెట్టు ఒకటి, ప్రపంచములో మరెక్కడను లేనిది, గాలికి కంచుకోటగా ఉన్నది. 1940 దశాబ్దములో పొలుసుపురుగు పట్టి నూటికి తొంబదికి పైగా చెట్లు చచ్చినవి. ఆ లోటు పూడ్చుటకు మన సరుగుడును తెచ్చి నాటినారు. అది ఎదిగినది, తుపానులకు మాత్రము వేళ్ళతో సహా కూలుతూ తీరపు మట్టిని, రాతిని పెళ్ళగించుకొని పోవుట అక్కడివారు చూచినారు. రెండవది అసెన్షను దీవి. అగ్నిపర్వతము కక్కిన బొగ్గురాతి దిబ్బ, వానలు స్వల్పము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ, వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ సలహాపై, అక్కడి కొండమీద నానా దేశాల మొక్కలు నాటి పచ్చదనము తెప్పించినారు. అది నేటికిని వింతగా చెప్పుకొంటారు. కాని అదే దీవి పల్లములో తరువాత వచ్చిన ముళ్ళచెట్టు ఒకటి అదుపు తప్పి తాబేళ్ళు గ్రుడ్లుపెట్టే తీరాల వైపు ప్రాకుతున్నది. ఆ ముళ్ళచెట్టు మనము ఎరుగనిది కాదు. మనము సర్కారు తుమ్మ అనేది అదే. పందొమ్మిదవ శతాబ్ది చివర కరవు నేలలలో వంటచెరకు కొరకు మన దేశానికి తెచ్చినారు. రాయలసీమలోను, దక్షిణ కోస్తాలోను చెరువులను, పొలాలను అది ఎట్లు ఆక్రమించినదో ఆ ప్రాంతాలవారు చెప్పగలరు. ఉద్దానములో ఆ బాధ అంతగా లేకపోవుట అదృష్టము.

తిరిగి తుపాను వద్దకు వత్తాము. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద ఫైలిన్, సరిగా ఏడాదికి 2014 అక్టోబరు 12న విశాఖపట్టణము వద్ద హుద్‌హుద్, 2018లో తిత్లీ. ఆరేండ్లలో మూడు పెద్ద తుపానులు ఈ తీరమును తాకినవి, మూడును అక్టోబరులోనే. వాటికి చెట్లు ఎందుకు కూలినవి? పరదేశివి కనుక అన్న సమాధానము చాలదు. కొబ్బరి ఇటుదే, పడినది. పనస ఈ దేశముదే, పడినది. జీడి పరదేశి, అదియు పడినది. కొబ్బరికి తల్లివేరు లేదు. వేళ్ళు వేలకొలది ఉన్నను అధికభాగము పైపొరలోనే విస్తరిస్తవి. వానకు ఇసుక నాని వదులైనప్పుడు గంటల తరబడి గాలి ఊపితే మొదలు కదులుతుంది. కూలక నిలిచినను మొవ్వు మెలితిరిగి విరిగితే అంతే. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, ప్రక్కచిగురు లేదు. జీడికి కొమ్మలు నేలను తాకునంత విరివిగా ఉంటవి. గాలికి తెరచాప కట్టినట్లు. ముదిరిన చెట్టు మొదలును పురుగు తొలిచి ఉంటే చెప్పనక్కరలేదు. ఒకే ఈడు, ఒకే ఎత్తు, ఒకే జాతి చెట్లు వరుసగా ఉన్న తోటలో ముందువరుస కూలితే వెనుకవరుసకు అడ్డు ఉండదు.

మా కంటికి కనిపించిన లోపము చెట్ల జాతిలో లేదు, వాటిని నిలిపిన వరుసలో ఉన్నది. వెనుకటి ఉద్దానములో సముద్రమునుండి లోపలికి తీగ, గడ్డి, మొగలి, తాడు, పొన్న, కానుగ. వాటి వెనుక కొబ్బరి, పనస. చిన్నది ముందు, పెద్దది వెనుక. గాలి ఒక్కసారి ఢీకొనక మెట్లెక్కినట్లు పైకిపోవుటకు వీలుండినది. కొబ్బరి ధర పెరిగిన కొలది తోట ముందుకు జరిగినది. మొగలిపొద అడ్డమని కొట్టినారు. గట్టుమీది తాడును నీడ పడుతుందని తీసినారు. చివరకు అతిథిని వాకిట నిలిపి, వాకిలి కాచే ఇంటివానిని పంపివేసినట్లయినది. మేము ఈ మాట అంటే ఒక రైతు మొగమాటము లేకుండ అడిగినాడు, మొగలి కంచె వేసిన నాలుగు గజాల భూమికి సంవత్సరానికి ఎవరు డబ్బిస్తారని. ఆయన అడిగినదానిలో తప్పు లేదు. తనకున్న అరయెకరములో అతడు ఊరందరి కొరకు గాలిని ఆపలేడు. సముద్రపు అంచున ఉన్న వరుస ఒక కుటుంబముది కాదు, గ్రామమంతటిది. దాని ఖర్చు కూడ గ్రామము, ప్రభుత్వము భరించవలసినదే. పెరటిలో మాత్రము కొబ్బరి పెట్టుకొన్నను, జీడి పెట్టుకొన్నను ఎవరును కాదనరాదు. రెండు కొబ్బరుల నడుమ ఒక పనస, గట్టుమీద నాలుగు తాళ్ళు, మూలన ఒక కానుగ కలిపితే అన్నియు ఒకేరోజు పోవు.

ఈ పనికి మొదట కావలసినవి తాటివిత్తులు, మొగలి పిలకలు. రెండును కొనవలసిన వస్తువులు కావు. మొగలి పిలకను ఊడవేరుతో కోసి తొలకరిలో ఇసుకలో పాతితే నాటుకొంటుంది. తాటిపండ్లు శ్రావణ భాద్రపదాలలో రాలుతవి. పండు పీచుతీసి, టెంకను ఎక్కడ చెట్టు కావలెనో అక్కడనే జానెడు లోతున పూడ్చవలెను. నారుమడిలో మొలిపించి తరువాత మార్చుదమంటే సాగదు. ఎందుకనగా టెంకలోనుండి వచ్చే మొలక ముందు పైకి రాదు. మూరెడు లోతు నేలలోనికి దిగి, అక్కడ నిలదొక్కుకొని, తరువాత ఆకును పైకి పంపుతుంది. ఆ దిగిన మొలకయే మనము కాల్చుకొని తినే తేగ. కనుక పూడ్చిన చోట గుర్తుగా పుల్ల పాతినవారు, సంక్రాంతి నాటికి ఆ సంగతి ఇంటిలోని పిల్లలకు చెప్పకుండ ఉండుట మంచిది.